తిట్టిన రోజు నీళ్ళొచ్చేవి

రేడియో పిన్ని మొగుణ్ణి తిడితే కుళాయిలో నీళ్ళొచ్చేవి. మామూలు తిట్టయితే సన్నటి ధార. తిట్టు బాగా కుదిరి, అందులో అత్తగారి ప్రస్తావన కూడా పడితే, నీళ్ళు మూడో అంతస్తు దాకా ఎగబాకేవి.

మూడో అంతస్తు మాట వెనక్కి తీసుకోవాల్సిందే, ఎందుకంటే ఆవిడ ఉండే సందులో రెండో అంతస్తే లేదు. ధార సన్నమా లావా అన్నదీ పట్టుబట్టి నిరూపించడం కష్టం. కానీ ఆవిడ తిట్టిన రోజు నీళ్ళు వచ్చేవి, తిట్టని రోజు వచ్చేవి కావు. కాన్వెంటు సిస్టరు స్కేలు పట్టుకుని ఎదురుగా నిలబడ్డా ఆ ఒక్క మాట మారదు.

ఆ సందు పెద్ద వీధి వెనక, పల్లంలో ఉండేది. ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి ఆనుకుని దారి ఇవ్వాలి. ఆ ఒకరి చంకలో బిందె కూడా ఉంటే ఇద్దరూ వెనక్కి నడవాలి. సందులో మొదటి ఇల్లు పిన్నిది. ఆవిడ గుమ్మంలో నిలబడి మామూలుగా మాట్లాడితే చివర కుళాయి దగ్గర వినిపించేది. గుసగుసలాడితే సగం దూరం వెళ్ళేది. అందుకే ఆ పేరు. "రేడియోకైతే కట్టేసే మీట ఉంటుంది" అని ఆవిడ మొగుడు అప్పుడప్పుడూ అనేవాడు, అదీ ఆవిడ చుట్టుపక్కల లేనప్పుడు.

ఆయన ఉద్యోగం నీళ్ళు వదలడం. అందరికీ నీళ్ళాయన. తెల్లవారుతుండగానే ట్యాంకు దగ్గరికి వెళ్ళి, ఇవాళ ఏ వీధి వంతో ఇంజనీరు గారి నోట విని, ఇంటికొచ్చి టీ తాగి, గుమ్మం పక్క మేకుకి వేలాడే ఇనప కడ్డీ తీసుకుని సైకిలెక్కేవాడు. రోడ్డు కింద గుంటల్లో వాల్వులుండేవి. గుంట మూత తీసి, కడ్డీ దించి తిప్పితే ఆ వీధికి నీళ్ళు. కడ్డీని సైకిలుకి కట్టుకుని ఆయన పోతుంటే నది మొత్తాన్ని వెంటబెట్టుకుని పోతున్నట్టుండేది.

ఎవరి వంతు ఎప్పుడన్నది ట్యాంకులో నీళ్ళని బట్టీ, పంపు ఆరోగ్యాన్ని బట్టీ మారిపోయేది. ముందుగా తెలిసేది ఇంజనీరు గారికీ, నీళ్ళాయనకీ. ఉద్యోగంలో చేరిన రోజే ఇంజనీరు గారు ఆయన చేత ఒట్టు వేయించుకున్నారు.

"వంతు సంగతి బయట పొక్కకూడదు. తెలిస్తే జనం గుంపు చేరతారు. బిందెలతో తలలు పగలగొట్టుకుంటారు."

పెద్ద వీధికి మాత్రం ఈ రహస్యం వర్తించదు. అక్కడ వాల్వు తిప్పబోయే ముందు వీధి పొడుగునా సైకిలు గంట కొట్టుకుంటూ పోవాలి. పెద్ద వీధి వాళ్ళు మర్యాదస్తులు. వాళ్ళకి తెలిసినా గుంపు చేరరు.

సందుకి గంట లేదు. సందులో వాళ్ళు కుళాయి ముందు బిందెలు వరస పెట్టి, వాటి పక్కనే కూర్చునేవాళ్ళు. కదిలితే వరస పోతుంది, కదలకపోతే పని పోతుంది. కుళాయి ఒక్కసారి గుర్రుమంటే చాలు, అందరూ లేచి నిలబడేవాళ్ళు. అది ఉత్త గాలి అని తేలాక మళ్ళీ చతికిలబడేవాళ్ళు. అలా ఎండ నడినెత్తికి వచ్చేది.

పెద్ద వీధి మూలన మేడమ్మగారి ఇల్లు. ఇంజనీరు గారి భార్య ఆవిడకి స్నేహితురాలు. కాబట్టి సందు వంతు కూడా సందు కంటే ముందు ఆవిడకే తెలిసేది. సందులో ఆడవాళ్ళు వచ్చి అడిగితే, "కనుక్కుని చెప్తాలే. ఈలోగా ఆ బియ్యంలో రాళ్ళు ఏరిపెట్టు" అనేది. రాళ్ళు ఏరితే "రావచ్చు" అనేది. కిటికీలు తుడిస్తే "వస్తాయి". పరుపులు మేడమీదకి మోసి ఎండబెడితే "పొద్దున్నే వస్తాయి". మనిషి చెడ్డది కాదు. తెలిసినవాళ్ళ చుట్టూ తెలియనివాళ్ళు తిరగడం లోకరీతి అని ఆవిడ నమ్మకం. తళతళలాడే తన కిటికీలని చూసుకున్నప్పుడల్లా ఆ నమ్మకం ఇంకాస్త గట్టిపడేది.

పిన్ని కూడా ఆ ఇంట్లో రాళ్ళు ఏరింది. నీళ్ళు వదిలేవాడి పెళ్ళాం నీళ్ళ కబురు కోసం పరాయి ఇంటి బియ్యం ఏరడమేమిటని సందంతా నవ్వేది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఆయన నోరు వేరే రకం. కొబ్బరికాయ వేసినా అలా నానుతూనే ఉంటుంది.

"కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పవా?"

"ఒట్టు వేశానే."

"నా మీదా?"

"ఉద్యోగం మీద."

"అయితే దానితోనే కాపరం చెయ్యి."

ఒకరోజు ఇల్లు ఊడుస్తూ పిన్ని గుమ్మం పక్క గోడ దగ్గర ఆగిపోయింది. గోడకి రెండు మేకులు. ఒకదానికి పొట్టి కడ్డీ, ఇంకోదానికి పొడుగు కడ్డీ. ఎత్తున ఉన్న వీధుల్లో వాల్వు పైపైనే ఉంటుంది, పొట్టిది చాలు. సందు మాత్రం పల్లం. సందు మొగలో రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయి వాల్వుని పాతాళంలోకి తోసేశారు. దానికి పొడుగుది కావాలి. ఇవాళ గోడ మీద పొడుగుది లేదు. పిన్ని చీపురు పారేసి బిందె పట్టుకుని పరుగెత్తింది. కుళాయి దగ్గరికి చేరేసరికి నీళ్ళు వస్తున్నాయి.

ఆయన చెప్పనిది గోడ చెప్పింది. గోడ ఎవరి మీదా ఒట్టు వేయలేదు.

ఆ సాయంత్రమే సందుని పిలిచి చెప్పి ఉంటే ఆవిడ మహాతల్లి అయ్యేది. చెప్పలేదు. బతుకులో మొదటిసారి ఆవిడ నోట్లో ఒక రహస్యం నానింది, అది బెల్లం ముక్కలా ఉంది. పొడుగు కడ్డీ కదిలిన రోజు వరసలో ఆవిడదే మొదటి బిందె. కదలని రోజు అందరూ ఎండలో ఎండుతుంటే ఆవిడ హాయిగా కునుకు తీసేది. ఇది సందు కంట పడకుండా ఉంటుందా?

"పిన్నీ, నీ డ్రమ్ము ఎప్పుడు చూసినా నిండే ఉంటుంది. ఎలా తెలుస్తుంది నీకు?"

పిన్ని ఆకాశం వంక చూసి, మోకాలు తడుముకునేది. "నీళ్ళొచ్చే రోజున ఈ కాలు లాగుతుందే. అదేం జబ్బో."

ఆ మోకాలికి పేరొచ్చింది. పొద్దున్నే ఒకరు టీ తెచ్చిచ్చి మోకాలిని పలకరించేవారు. ఇంకొకరు అంట్లు తోమేవారు. పిన్ని వద్దనేది, మూడో మాటకి ఒప్పుకునేది. రాళ్ళు ఏరిన చేతులకి విశ్రాంతి దొరికింది. తెలిసి ఉండటంలో ఇంత సుఖం ఉందని ఆవిడకి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు.

పక్కింట్లో ఉండేది కాజాల పిల్ల. చొక్కాలు కుట్టే కార్ఖానాలో గుండీలకి కాజాలు కుట్టేది, అందుకే ఆ పేరు. మొగుడు లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. ఇంట్లో మంచం దిగలేని అత్తగారు. నీళ్ళ కోసం కూర్చుంటే పనికి ఆలస్యం, పనికి పోతే ముసలావిడ తడి గుడ్డల్లో పడి ఉండాలి. ఒక పొద్దున ఆ పిల్ల చీపురు పట్టుకుని పిన్ని గుమ్మం ముందు నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"పిన్నీ, మోకాలు ఏమంటోంది? ఇంకోసారి ఆలస్యమైతే సీటు తీసేస్తానంది సూపర్‌వైజరమ్మ. అత్తయ్య గుడ్డలు ఉతకడానికి చుక్క లేదు. కాస్త చెప్పు పిన్నీ, నీ వాకిలి ఊడ్చిపెడతాను."

అని వంగి ఊడవడం మొదలుపెట్టింది. పిన్నికి ఆ వంగిన వీపులో తన వీపే కనిపించింది, గుమ్మంలో నిలబడ్డ తనలో మేడమ్మగారు కనిపించింది. చీపురు లాక్కుంది.

"ఊడ్చింది చాలు లేవే. మోకాలూ లేదు, గీకాలూ లేదు."

డ్రమ్ములో సగం నీళ్ళు ఆ పిల్లకి తోడిచ్చింది. గోడ సంగతి చెప్పింది. కానీ రోజూ పొద్దున్నే ఆ ఇంటికి వెళ్ళి చెవిలో చెబితే నలుగురూ చూస్తారు, ఇంజనీరు గారి దాకా పోతుంది, చెప్పింది మొగుడే అనుకుంటారు. పైగా ఆవిడ గుసగుస సగం సందుకి వినపడుతుంది. పిన్ని కాసేపు బుర్ర గోక్కుంది.

"పిల్లా, రేపట్నుంచి నేను గుమ్మంలో మా ఆయన్ని తిడితే నువ్వు ఇంట్లో ఉండు. ఆయన వెళ్ళి తిప్పడమే ఆలస్యం, పట్టుకుని నీ దారిన నువ్వు పోవచ్చు. నేను తిట్టలేదంటే నీళ్ళు లేవు. కూర్చోకుండా తిన్నగా పనికి పో."

"పాపం బాబాయిని ఎందుకు?"

"మొగుణ్ణి తిడితే ఎవరికీ అనుమానం రాదే."

మర్నాడు కాదు, ఆ మర్నాడు ఆయన పొడుగు కడ్డీ అందుకున్నాడు. పిన్ని గుమ్మంలోకి వచ్చి గొంతు సవరించుకుంది.

"ఏమయ్యా! ఆ జుట్టేమిటి, పిచ్చుక కాపరం పెట్టినట్టు? దువ్వెన కొనిచ్చింది గోడకి చూపించడానికా?"

ఆయన గడప మీదే ఆగాడు. "ఏమైందే పొద్దున్నే?"

"ఏమవ్వాలి? ఇరవై నాలుగ్గంటలూ నీళ్ళలో ఉండే మనిషివి, ఒంటి మీద చెంబెడు పోసుకోవడానికి బద్ధకం! మీ అమ్మ నిన్ను కని ఆరబెట్టిందా ఏమిటి?"

రెండిళ్ళ మధ్య గోడ వెనక కాజాల పిల్ల నోట్లో కొంగు కుక్కుకుని బిందె ఎత్తుకుంది.

ఆ పిల్ల ఈ సంగతి ఒక్కరికే చెప్పింది, ఎవరికీ చెప్పకమ్మా అని. ఆవిడా ఒక్కరికే చెప్పింది. వారం తిరిగేసరికి సందులో తెలియనివాళ్ళెవరయ్యా అంటే నీళ్ళాయన ఒక్కడే. పొద్దున్నే తలుపులు ఓరగా తెరిచి, చెవులు గుమ్మాల్లో పెట్టుకుని అందరూ ఎదురుచూసేవాళ్ళు. తిట్టు వినపడితే బిందెలు, వినపడకపోతే చెప్పులు. పనివాళ్ళు పనికి వేళకి పోయారు. మేడమ్మగారి బియ్యంలో రాళ్ళు మిగిలిపోయాయి. సందు చివర ఇంట్లో పళ్ళు లేని అవ్వ అయితే తిట్ల నాణ్యత కూడా చూసేది. "నిన్న బాగా తిట్టావే అమ్మాయ్, 'ఎండిన బెండకాయ' బాగుంది. ఇవాళ నీరసంగా ఉంది, జ్వరమా?"

పిన్నికి మాత్రం కష్టంగా ఉండేది. ఆయన మంచివాడు. తిట్టడానికి లోపాలు చాలేవి కావు. జుట్టు అయిపోయింది, నడక అయిపోయింది, గురక అయిపోయింది. రాత్రి పడుకునే ముందే ఒక తిట్టు వెతికి పెట్టుకునేది. ఇంకో వింత, పొట్టి కడ్డీ తీసిన రోజు ఆయన చరచరా వెళ్ళిపోయేవాడు. పొడుగు కడ్డీ తీసిన రోజు మాత్రం చెప్పు పట్టీ సరిగ్గా పడటం లేదని వంగి, తిట్టు పూర్తయ్యేదాకా సర్దుకుంటూనే ఉండేవాడు. ఆయనకి తెలుసా? అడగడానికి లేదు. అడిగితే తెలిసిపోతుంది.

కాజాల పిల్లకి కార్ఖానాలో కిటికీ పక్క సీటిచ్చారు. అక్కడ వెలుతురు బాగుంటుందట. చెప్పడానికి వచ్చి పిన్నిని వాటేసుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, ఒక పొద్దున నీళ్ళాయన టీ గ్లాసు పట్టుకుని ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు.

"ఏమయ్యా, టీలో పంచదార తక్కువైందా?"

"నిన్న ట్యాంకు దగ్గర అందరి ముందూ ఇంజనీరు గారు అన్నారు. 'పెళ్ళాం నోటికి దడిసేవాడివి, వాల్వెలా తిప్పుతావయ్యా' అని. అందరూ నవ్వారు." గ్లాసు కింద పెట్టాడు. "కొంచెం గొంతు తగ్గించి తిట్టొచ్చు కదే. ఇంట్లో తిట్టు, పడతాను. గుమ్మంలోనే తిట్టాలా?"

గుమ్మంలోనే తిట్టాలి. ఎందుకో చెప్పడానికి లేదు.

"అంటే ఇన్నాళ్ళూ నేను నిజంగా తిడుతున్నాననే అనుకున్నావా?"

"తిట్టులో నిజమేమిటి, అబద్ధమేమిటి? వినేవాడికి రెండూ ఒకటే."

"ఎవరో నవ్వితే నవ్వినవాణ్ణి వదిలేసి నామీదకి వచ్చావా!"

ఆయన గోడ మీది పొట్టి కడ్డీ తీసుకుని బయటికి నడిచాడు. పిన్ని వెనకాలే గుమ్మంలోకి వచ్చింది. కాపురానికి వచ్చాక మొదటిసారి నిజంగా తిట్టింది. జుట్టు గురించి కాదు, నడక గురించి కాదు. మనసు తెలుసుకోలేని మనిషివన్నది. ఊరికి నీళ్ళు వదులుతావు గానీ ఇంట్లో ఎవరి కళ్ళు తడిగా ఉన్నాయో చూడవన్నది. ఏడుస్తూ తిట్టింది. సందులో అంతటి తిట్టు అంతకు ముందు ఎవరూ విని ఎరగరు.

ఆయన చెప్పు పట్టీ సర్దుకోవడానికి ఆగలేదు.

పిన్ని లోపలికి వచ్చి తలుపు వేసుకుని పడుకుంది. ఎండ గదిలోకి వచ్చాక, బయట బిందెల చప్పుడు విని లేచింది. తలుపు తీస్తే సందంతా సందులోనే ఉంది. బిందెలు, బకెట్లు, డ్రమ్ములు, అవ్వ చేతిలో పిల్లల స్నానాల తొట్టి.

"ఇంత తిట్టు తిట్టావు కదా, ఇవాళ వరదే అనుకున్నామే!" అంది అవ్వ.

పిన్ని వెనక్కి తిరిగి గోడ చూసింది. పొడుగు కడ్డీ కదలకుండా వేలాడుతోంది. "పిల్ల ఏదీ? కాజాల పిల్ల ఏదీ?" అని అరిచింది.

ఆ పిల్ల అప్పుడే సందు మొగలోకి వస్తోంది. నీళ్ళ కోసం ఆగి ఆగి, ఇక లాభం లేదని కార్ఖానాకి పరుగెత్తి వెళ్ళి, తిరిగి వస్తోంది. చేతిలో అన్నం డబ్బా, తన సొంత కత్తెర. కత్తెర ఇంటికి తెచ్చుకుందంటే సీటు పోయినట్టే. "ఎప్పుడూ తప్పలేదు కదా పిన్నీ, అందుకని ఆగాను" అంది, అంతే.

ఆడవాళ్ళందరూ సందు మొగలో వాల్వు గుంట చుట్టూ చేరారు. అదే వేళకి ఇంజనీరు గారు స్కూటరు మీద అటు వచ్చారు. వెనక సైకిలు మీద నీళ్ళాయన. ఇంజనీరు గారి ముఖం ఎర్రబడింది.

"ఎవరు చెప్పారు మీకు ఇవాళ నీళ్ళని?"

అందరూ నేల చూశారు. అవ్వకి మాత్రం దాచుకోవడం చేతకాలేదు.

"ఎవరూ చెప్పలేదు నాయనా. ఈవిడ మొగుణ్ణి తిట్టింది. మేం బిందెలు తెచ్చుకున్నాం."

"దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

"అదే మాకూ తెలియడం లేదు నాయనా. ఎప్పుడూ తప్పలేదు. ఇవాళే తప్పింది."

ఇంజనీరు గారు నీళ్ళాయన వైపు తిరిగారు. "నువ్వు చెప్పావా?"

"నేను ఒక్క మాట కూడా అనలేదండి. అన్నీ ఆవిడే అంది."

పిన్ని ముందుకొచ్చింది. గోడ సంగతి, రెండు కడ్డీల సంగతి, తిట్ల సంగతి మొత్తం చెప్పింది. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. కాజాల పిల్లని పక్కకి లాక్కుని నిలబెట్టుకుంది.

"ఈ పిల్ల సీటు పోయింది అయ్యగారూ. నేను ఒక్కరోజు నిజంగా తిట్టానని పోయింది. ముందే తెలిస్తే మేం గుంపు చేరతామన్నారు. ఇదిగో గుంపు. తెలియకపోతేనే కదండీ చేరాం? పెద్ద వీధిలో గంట కొడితే ఎన్ని తలలు పగిలాయి?"

ఇంజనీరు గారు స్కూటరు దిగి చూశారు. చుట్టూ బిందెలు. కోపం తెచ్చుకోవడానికి శాయశక్తులా ప్రయత్నించారు గానీ, అవ్వ తొట్టి చూసి మూతి పక్కకి పోయింది. తమ శాఖ రహస్యం ఒక ఇల్లాలి తిట్ల గుండా కారిపోతోందని పైవాళ్ళకి ఎలా చెప్పడం? చెబితే ట్యాంకు దగ్గర నవ్వు ఇంకొకరి వంతు అవుతుంది.

"రేపట్నుంచి సందులో కూడా గంట కొట్టు" అన్నారు నీళ్ళాయనతో. స్కూటరు ఎక్కి, మళ్ళీ వెనక్కి తిరిగి, "ముందు రోజు సాయంత్రమే కొట్టు" అని వెళ్ళిపోయారు.

నీళ్ళాయన సైకిలు స్టాండు వేసి పిన్ని ముఖం వంక చూశాడు. "తిట్టు బాగుందే ఇవాళ" అన్నాడు మెల్లగా. ఆవిడ ముక్కు చీదుకుని కాజాల పిల్లతో పాటు కార్ఖానాకి బయల్దేరింది.

సూపర్‌వైజరమ్మ తల ఎత్తకుండా అంతా విన్నది. కుట్టు మిషన్లు కూడా ఒక్కొక్కటే ఆగి విన్నాయి. చివరికి ఆవిడ గొంతు తగ్గించి అడిగింది.

"మా ఇల్లు పాత బడి వెనక. మాకు ఏ రోజో మీకు తెలుస్తుందా?"

పిన్ని ఆ ముఖం గుర్తుపట్టింది. తను మేడమ్మగారి ముందు నిలబడ్డప్పుడు పెట్టుకున్న ముఖమే. సీటు ఇస్తే చెబుతానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడ బెల్లం రుచి తగిలి, మింగేసింది.

"ఇక ఎవర్నీ అడగక్కర్లేదమ్మా. మీ వీధిలో కూడా గంట కొట్టమని మా ఆయనతో చెప్తాను. పిల్లకి సీటిచ్చినా చెప్తాను, ఇవ్వకపోయినా చెప్తాను."

సూపర్‌వైజరమ్మ కాసేపు గుండీలు ఏరింది. సీటిచ్చింది. కిటికీ పక్కది కాదు, ఇస్త్రీ బల్ల పక్కన ఆవిరి కొట్టేది. ఆ పిల్ల చెమటలు కక్కుతూ చాలాకాలం అక్కడే కాజాలు కుట్టింది. కిటికీ మళ్ళీ దక్కడానికి చాలా చొక్కాలు పట్టాయి.

సాయంత్రాలు సందులోకి గంట వచ్చేది. ఆ చప్పుడు వినగానే బిందెలు తోమేవాళ్ళు, పొద్దున పట్టుకుని పనికి పోయేవాళ్ళు. మేడమ్మగారి కిటికీలకి దుమ్ము పట్టింది. కొన్నాళ్ళకి ఆవిడే మేడ దిగి వచ్చి, రాళ్ళు ఉన్న బియ్యం చాటలో పోసుకుని, అవ్వ అరుగు మీద కూర్చుని కబుర్లు చెబుతూ ఏరుకునేది.

సందులో పొద్దుటి పూటలు మాత్రం బోసిపోయాయి. "నీళ్ళు చప్పగా ఉంటున్నాయే అమ్మాయ్" అనేది అవ్వ. ఇక తిట్టాల్సిన పని లేకపోయినా నీళ్ళాయన పొడుగు కడ్డీ తీసిన రోజున గుమ్మంలో వంగి చెప్పు పట్టీ సర్దుకుంటూ ఉండేవాడు. ఎంతకీ సరిపడేది కాదు. పిన్ని చూసి చూసి, "కాలికి చెప్పు వేసుకోవడం కూడా రాని మనిషిని కట్టబెట్టారు నాకు" అనేది. అప్పుడు లేచి వెళ్ళేవాడు.

ఇప్పుడా ఊళ్ళో కుళాయి ఎప్పుడు తిప్పితే అప్పుడు నీళ్ళు. వాల్వులు వాటంతట అవే తిరుగుతాయట. పొడుగు కడ్డీ పిన్ని పెరట్లో బట్టలారేసే తాడుకి ఊతంగా నిలబడి ఉంది. కాజాల పిల్ల మనవరాలు ఆ కడ్డీ కథ నిజమేనా అని అడిగితే, పిన్ని తడి చొక్కా దులుపుతూ ఆ పిల్ల వంక చురుగ్గా చూసింది.

"ఎవరే నీకీ కోతలు కోసింది? కడ్డీ లేదు, గంట లేదు. నాకు గట్టిగా మాట్లాడటమే రాదు." ఆ మాట నాలుగిళ్ళకి వినపడింది. గడప దగ్గర ముసలాయన చెప్పు పట్టీ సర్దుకుంటున్నాడు. "యాభై ఏళ్ళ కాపురంలో మా ఆయన్ని పల్లెత్తు మాట అని ఎరగను. అంతా అబద్ధం."